సొట్ట, గట్టు, బుడిపె: పొట్ట సర్జరీ తర్వాత మిగిలే మిట్టపల్లాలు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు మహిళల సమావేశంలో ఒక ప్లాస్టిక్ సర్జన్ మాట్లాడిన మాటలు. విన్నది విన్నట్టుగా ఎత్తి రాశాం.)

అందరికీ నమస్కారమండీ. పెద్దమ్మలు, పిన్నులు, అక్కచెల్లెళ్లు, ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. ఆహ్వానం కాగితం మీద "పొట్ట సర్జరీ" అని రాస్తే ఎవరూ రారేమో, "ప్రసవానంతర ఆరోగ్యం" అని రాద్దామా డాక్టరుగారూ అని నన్ను అడిగారు. వద్దమ్మా, ఉన్న మాటే రాయండి అన్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇంట్లో మాట్లాడుకునే మాటే బడిలోకి, పుస్తకంలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు. కొండ మీద సవరల మాట కూడా నేర్చుకుని వాళ్లకి నిఘంటువు, వ్యాకరణం రాసిపెట్టారు. అలాంటి ఊళ్లో మన ఒంటి గురించి చాటు మాటలు ఎందుకని నా ఉద్దేశం.

నేను విశాఖలో పనిచేస్తాను. గుణుపురం నుంచి వచ్చే రైలెక్కి, నౌపడ మీదుగా నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ వైపు నుంచి చాలామందే ఉన్నారు. ఒడియా మాట్లాడేవాళ్లు వస్తారు, తెలుగువాళ్లు వస్తారు, ఇంట్లో ఒకటీ బజార్లో ఒకటీ మాట్లాడేవాళ్లూ వస్తారు. వాళ్లలో చాలామంది సర్జరీ బాగానే చేయించుకుంటారు, కుట్లు విప్పించుకుంటారు, ఆ తర్వాత మళ్లీ కనిపించరు. ఈరోజు నేను మాట్లాడేది ఆ "ఆ తర్వాత" గురించే.

ముందు సర్జరీ ఏమిటో రెండు ముక్కల్లో. డాక్టర్లు అబ్డామినోప్లాస్టీ అంటారు, జనం టమ్మీ టక్ అంటున్నారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు పుట్టాక పొట్ట మీద చర్మం సాగి, సిజేరియన్ కుట్టు మీదకి మడతపడి వేలాడుతుంది. లోపల నిలువుగా ఉండే రెండు కండరాల పట్టీలు మధ్యలో ఒకదానికొకటి దూరమవుతాయి. ఎంత నడిచినా, ఎంత తిండి తగ్గించినా సాగిన చర్మం వెనక్కి రాదు. సర్జరీలో పొత్తికడుపు కింద, ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోసి, చర్మాన్నీ దాని కింది కొవ్వునీ కలిపి పక్కటెముకల దాకా పైకి లేపుతాం. దూరమైన ఆ కండరాల్ని దగ్గరికి తెచ్చి కుడతాం. లేపిన చర్మాన్ని కిందికి లాగి, ఎక్కువైనదాన్ని కోసి తీసేస్తాం. బొడ్డు దాని చోట అదే ఉంటుంది. దాని మీదకి దిగిన చర్మానికి కొత్త రంధ్రం చేసి బయటికి తీస్తాం. బరువు తగ్గడం కోసం చేసే ఆపరేషన్ కాదిది. బరువు నిలకడగా ఉండి, ఇక పిల్లలు వద్దు అనుకున్నాక చేయించుకోవాల్సింది.

ఇది నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. 1899లోనే అమెరికాలో హోవార్డ్ కెల్లీ అనే స్త్రీల వైద్యుడు వేలాడే పొట్టని కోసి తీసిన సంగతి రాశాడు. బొడ్డుని కొత్త చోట అమర్చే పద్ధతిని 1957లో వెర్నన్ అనే సర్జన్ చెప్పాడు. కోతని బాగా కిందికి, బట్టల చాటుకి దించడం గురించి బ్రెజిల్ సర్జన్ పిటాంగీ 1967లో, తను చేసిన 300 సర్జరీలు చూపించి రాశాడు. ఇంత కాలంగా ఇంతమంది మెరుగుపెడుతున్నా, పొట్ట గాజుపలకలా చదునుగా వస్తుందని ఏ సర్జనూ మాటివ్వలేడు. ఎందుకో చెప్తాను.

మీలో జాకెట్లు కుట్టేవాళ్లు ఉంటారు. డాట్ వేసేటప్పుడు చివర సన్నగా, నెమ్మదిగా తగ్గించుకుంటూ రాకుండా ఠక్కున ఆపేస్తే ఏమవుతుంది? కొసన బట్ట బుంగలా లేస్తుంది కదా. ఎంత ఇస్త్రీ చేసినా పోదు. ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి ఉన్న రెండు బట్టముక్కల్ని కలిపి కుట్టినా అంతే, మిగులు ఎక్కడో ఒకచోట తేలుతుంది. పొట్ట కోతలో కూడా అదే జరుగుతుంది. మధ్యలో చర్మం బాగా బిగుతుగా కూర్చుంటుంది, రెండు తుంటుల దగ్గర కుట్టు ఆగేచోట చిన్న మడత లేస్తుంది. మేం దాన్ని డాగ్ ఇయర్ అంటాం, కుక్క చెవి అని. మీరు "కుట్టు కొసన గట్టులా ఉంది" అంటే నాకు సరిగ్గా అర్థమవుతుంది. బట్టకి లేని చిక్కు ఒంటికి ఇంకొకటి ఉంది. బల్ల మీద వెల్లకిలా పడుకున్నప్పుడు తుంటి కొవ్వు వెనక్కి జారి చదునుగా కనిపిస్తుంది, లేచి నిలబడ్డాక ముందుకి వస్తుంది. అందుకే సర్జరీకి ముందు మిమ్మల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి పెన్నుతో గీతలు గీస్తాం. అయినా కొందరికి మిగులుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి రోజుల్లో మహేంద్రతనయ అవతలి ఒడ్డు నుంచి ఒకామె వచ్చింది. రెండు సిజేరియన్లయిన మనిషి. సర్జరీ బాగా జరిగింది. నాలుగో నెలలో వచ్చి, కుడి తుంటి మీద చెయ్యి పెట్టి, "ఇక్కడేదో గట్టులా ఉందమ్మా" అంది. బయట చాలామంది కూర్చుని ఉన్నారు. నేను ఒక్కసారి తడిమి, "వాపే, తగ్గిపోతుంది" అని పంపించేశాను. ఆమె మళ్లీ వచ్చింది రెండేళ్ల తర్వాత, అదీ వాళ్ల అమ్మాయి చేతికి కాలిన మచ్చ చూపించడానికి. పోతూపోతూ, గుమ్మం దగ్గర ఆగి చెప్పింది, అది అలాగే ఉందని. చూస్తే సరిగ్గా లంగా బొందు పడేచోట ఆ మడత ఉంది. రెండేళ్లు దాని మీదే బొందు బిగించి కట్టింది. చర్మం నల్లబడి, మొద్దుబారి, ఒక పక్క ఒరుసుకుపోయి పుండైంది. "నాకేదో ఒంటి తత్వం అలాంటిదనుకున్నానమ్మా, మిమ్మల్ని మళ్లీ మళ్లీ అడగడం బాగోదు కదా" అంది. దాన్ని సరిచేయడానికి నాకు మత్తు డాక్టరు కూడా అక్కర్లేకపోయింది. ఆ చోట తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి అరగంటలో తీశాను. వాపే అని చెప్పడంలో నా తప్పు లేదు, నాలుగో నెలలో అది వాపే కావచ్చు. తగ్గకపోతే ఎన్నో నెలలో రావాలో చెప్పకుండా పంపడమే నా తప్పు. అప్పటి నుంచి ఎవరికైనా "తగ్గుతుంది" అన్నానంటే, పక్కనే తారీకు రాసిస్తున్నాను.

అందుకే మొదట కాలం గురించి మాట్లాడుకుందాం. కోసిన చర్మం, కుట్టిన కండరం మానడానికి మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. పైన కుట్టు రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది, కానీ లోపల మచ్చ గట్టిపడి మళ్లీ మెత్తబడడం ఏడాది దాకా, కొందరికి ఇంకా ఎక్కువ కాలం నడుస్తుంది. ఎంత కాలం గడిచినా మచ్చకి మామూలు చర్మానికున్న బలంలో దాదాపు 80 శాతం వరకే వస్తుంది. వాపు సంగతి వేరు. పొత్తికడుపు చర్మం నుంచి నీరు మామూలుగా గజ్జల వైపు దిగుతుంది. మనం ఆ దారికి అడ్డంగానే కోస్తాం. నీరు కొత్త దారి వెతుక్కునే దాకా కుట్టుకి పైన ఉబ్బుగా ఉంటుంది, పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. మొదటి మూడు నెలల్లో చాలా మటుకు తగ్గుతుంది, మిగతాది ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది తీసుకుంటుంది. కాబట్టి నెలన్నరకే అద్దం ముందు నిలబడి ఏడవకండి. మూడో నెలలో "వెంటనే సరిచేసేద్దాం" అనే డాక్టరు దగ్గర కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మెత్తబడని మచ్చని కోస్తే మళ్లీ అదే బిగువు, అదే వాపు. ఆకారం కోసం చేసే దిద్దుబాటుకి కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగాలన్నది నా పద్ధతి.

అయితే ఆగకూడనివీ ఉన్నాయి. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. జ్వరం, కుట్టు చుట్టూ ఎరుపు పాకడం, చర్మం నల్లగా మారడం, కుట్టు విచ్చుకోవడం, వీటికి అదే రోజు రావాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఊళ్లో ఉన్న ఏ ఆస్పత్రికైనా పరుగెత్తాలి, విశాఖ దాకా రావాలని చూడకూడదు. కాళ్ల రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే సర్జరీ అయిన వెంటనే గంటల తరబడి రైల్లో, కార్లో కదలకుండా కూర్చోవద్దంటాను.

ఇంకోటి, నీరు చేరడం. చర్మానికీ కండరానికీ మధ్య పలచటి నీరు నిలుస్తుంది. మేం సెరోమా అంటాం. కిందటి నెలే ఒక పిన్నిగారు "తోలుసంచిలో నీళ్లలా కదులుతోందమ్మా" అని చెప్పారు. అంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక పక్క వేలితో తడితే రెండో పక్క అల కొట్టినట్టుంటుంది. సూదితో తీసేస్తాం, పెద్ద నొప్పి ఉండదు, ఎందుకంటే అక్కడ చర్మం తిమ్మిరిగా ఉంటుంది. వారానికోసారి రెండు మూడు సార్లు తీయాల్సి రావచ్చు. దూరమని, ఛార్జీలు దండగని రాకపోతే ఆ నీటి చుట్టూ పొర కట్టుకుని సంచి అయిపోతుంది. అప్పుడిక సూదికి లొంగదు, కోసి ఆ సంచిని తీయాలి. లేదా పైనుంచి చూస్తే శాశ్వతంగా ఒక బుంగలా ఉండిపోతుంది. సర్జరీకి ముందే అడగండి: నీరు చేరితే మాకు దగ్గర్లో ఎవరు తీస్తారు? మీ ఊళ్లో తెలిసిన సర్జన్‌తో ఫోన్లో మాట్లాడతారా? ఇది అడగడం మర్యాద తప్పడం కాదు.

ఇప్పుడు మిగిలిన ఎత్తుపల్లాలు. గట్టిగా గోలీకాయలా తగిలే బుడిపె, ముఖ్యంగా మధ్యలో, కుట్టుకి కాస్త పైన ఉంటే, అది చాలాసార్లు రక్తం అందక చచ్చిన కొవ్వు. లేపిన చర్మానికి రక్తం పై నుంచీ పక్కల నుంచీ వస్తుంది, మధ్యలో కింది అంచు అన్నిటికంటే దూరం. చిన్నదైతే నెలల మీద మెత్తబడుతుంది. పెద్దదైతే, తగ్గకపోతే స్కానింగ్ చేసి చూసి తీస్తాం. ఈ ముక్క దగ్గర మీతో ఒక విషయం నిష్కర్షగా మాట్లాడాలి. "సిగరెట్టు తాగుతారా" అని అడిగితే మన ఆడవాళ్లు "లేదు, తాగం" అంటారు, నిజమే. కానీ ఈ ప్రాంతంలో పొద్దున్నే పళ్లకి గుడాకు, అంటే పొగాకు ముద్ద, పెట్టుకోనిదే పని మొదలుపెట్టనివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. తీరం వైపు ఊళ్లలో చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. అదంతా పొగాకే. అందులో నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. సర్జరీకి నాలుగు వారాల ముందు నుంచి నాలుగు వారాల తర్వాత దాకా గుడాకు, ఖైనీ, చుట్ట, ఏదీ వద్దు. అత్తగారి ముందు చెప్పలేకపోతే నాకు విడిగా చెప్పండి. ఈ సంగతి నా దగ్గర దాచిన రోగికి చర్మం నల్లబడితే ఆ బాధ మా ఇద్దరిదీ.

మచ్చ లోపలికి లాగినట్టు సొట్ట పడితే, అక్కడ చర్మం కింది పొరకి అతుక్కుపోయిందని అర్థం. అతుకు విడదీసి, లోపలి పొరల్ని విడిగా దగ్గరికి తెచ్చి మళ్లీ కుడతాం. సొట్ట లోతుగా ఉంటే తొడ నుంచో నడుము నుంచో సొంత కొవ్వు తీసి సన్నటి గొట్టంతో నింపుతాం. నింపిన కొవ్వంతా బతకదు, సగం దాకా కరిగిపోవచ్చు. అందుకని రెండోసారి చేయాల్సి రావచ్చని ముందే చెప్తాం. పొట్ట కింద చదునై, బొడ్డుకి పైన ఉబ్బు మిగిలిందనుకోండి, అది మొదటి సర్జరీలో సర్జన్ జాగ్రత్త పడడం వల్ల కూడా అవుతుంది. మధ్యభాగంలో కొవ్వు మరీ పీలిస్తే రక్తప్రసరణ దెబ్బతింటుందని కొంత వదిలేస్తాం. ఆరు నెలలు దాటాక, చర్మం నిలదొక్కుకున్నాక, ఆ కాస్తని లైపోసక్షన్‌తో, అంటే గొట్టంతో పీల్చి, తీయొచ్చు. లైపోసక్షన్ చేసినచోటే అలలు అలలుగా ఉంటే వైద్యం తారుమారు, పల్లంలో నింపాలి, మిట్ట మీద తీయాలి. ఈ పని కొంచెం కష్టం, చేయి తిరిగినవాళ్లే చేయాలి.

తుంటి దగ్గరి గట్టు గురించి ఇంతకుముందే చెప్పాను. ఒక్కటి కలుపుతాను: దాన్ని తీస్తే మచ్చ ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు పొడుగవుతుంది. గట్టు పోతుంది, గీత పెరుగుతుంది. కొందరు గట్టే నయం అని ఊరుకుంటారు, అదీ సరైన నిర్ణయమే.

(సభలోంచి ఒకరు: "బొడ్డు పక్కకి జరిగిందని మా కోడలు బాధపడుతోంది.")

ఎంత జరిగిందమ్మా? వేలెడా, అర వేలెడా? సర్జరీ లేనివాళ్లలో కూడా చాలామందికి బొడ్డు కచ్చితంగా నడుమధ్యలో ఉండదు. సర్జరీకి ముందు తీసిన ఫోటో చూడమనండి, చాలాసార్లు ముందు నుంచీ అలాగే ఉంటుంది. బొడ్డు రంధ్రం మూసుకుపోతుంటే, తడి నిలిచి వాసన వస్తుంటే మాత్రం చూపించాలి.

ఫోటో అంటే గుర్తొచ్చింది. నెలకోసారి ఒకే గోడ ముందు, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోటో తీసిపెట్టుకోండి. నిలబడి ఒకటి, పక్కకి తిరిగి ఒకటి, కూర్చుని ఒకటి. నెత్తి మీద ట్యూబులైటు వెలుగులో చిన్న పల్లం కూడా పెద్ద గుంటలా కనిపిస్తుంది. కిటికీ ఎదురుగా నిలబడి చూడండి. ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. వెల్లకిలా పడుకుని తల ఎత్తండి. ఉబ్బు చేతికి గట్టిగా తన్నితే, దగ్గినప్పుడు పెరిగితే, అది చర్మం గొడవ కాకపోవచ్చు. లోపల కండరం కుట్టు వదులైందేమో, లోపలిది బయటికి పొడుచుకొచ్చే హెర్నియా ఏమో చూడాలి. పైపై దిద్దుబాట్లతో అది పోదు.

(మరొకరు: "లంగా ఎలా కట్టుకోవాలమ్మా మరి?")

మంచి ప్రశ్న. ఆరువారాల దాకా ఎలాగూ బెల్టు ఉంటుంది. మన బాలింతలకి పెద్దవాళ్లు కట్టే నడికట్టు లాంటిదే, కాకపోతే ఇది అంతటా ఒకే బిగువుతో పట్టాలి. బెల్టు ముడతపడి ఒకేచోట నొక్కితే ఆ ముడతే పొట్ట మీద గాడిలా దిగుతుంది. లంగా బొందు కూడా అంతే. సన్నటి తాడు, వాచిన చర్మం మీద రోజంతా బిగిస్తే గాడి పడుతుంది. "సర్జరీ చెడిపోయింది" అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరిది నిజానికి బొందు గాడే. మొదటి మూడు నాలుగు నెలలు వెడల్పాటి ఎలాస్టిక్ ఉన్న లంగా వేసుకోండి, ఇంట్లో నైటీ చాలు. పట్టుచీర కట్టాల్సి వస్తే బొందు రోజుకో ఎత్తులో కట్టండి.

కాపడం మాత్రం అస్సలు వద్దు. వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే. కానీ పొట్ట చర్మానికి నెలల తరబడి స్పర్శ సరిగా ఉండదు. కాలుతున్నా తెలియదు. బొబ్బలెక్కాక తెలుస్తుంది. అలాగే పథ్యం. "పప్పు తింటే చీము పడుతుంది" అని రసం అన్నం పెడతారు. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, కందిపప్పుతో కాదమ్మా. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, అన్నీ పెట్టండి. షుగరు ఉన్నవాళ్లు అది అదుపులో పెట్టుకోండి.

మచ్చ ఉబ్బెత్తుగా, ఎర్రగా, దురదగా ఉంటే సిలికాన్ పట్టీ రోజుకి 12 గంటలకి తక్కువ కాకుండా రెండు మూడు నెలలు వేయాలి. లొంగకపోతే మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజక్షన్, నాలుగు నుంచి ఆరు వారాలకొకటి. మన చామనచాయ ఒళ్లకి మచ్చ ఉబ్బడం, నల్లబడడం ఎక్కువ. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము తెచ్చి నెలల తరబడి రాయకండి, చర్మం పలచబడుతుంది.

(ఒక అమ్మాయి: "బ్యూటీ పార్లర్లో కొవ్వు కరిగించే ఇంజక్షన్ ఇస్తామంటున్నారు, దాంతో సరిచేసుకోవచ్చా?")

చేయించుకోకు తల్లీ. అలాంటి మందు ఒకదానికి అమెరికాలో 2015లో అనుమతి ఇచ్చింది గడ్డం కింది కొవ్వు కోసం మాత్రమే. ఒకసారి కోసి కుట్టిన పొట్టలో, రక్తనాళాలు అటూ ఇటూ అయిన చోట, ఏది ఎక్కడ కరుగుతుందో చెప్పలేం. దిద్దుబాటు అన్నది మొదటి సర్జరీ కంటే చిన్నదే కావచ్చు గానీ, తేలికైనదని అనుకోవద్దు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ డి.ఎన్.బి. గానీ డిగ్రీ చేసినవాళ్ల దగ్గరే చేయించుకోండి.

డబ్బు సంగతి సర్జరీకి ముందే మాట్లాడుకోండి. ఇలాంటి దిద్దుబాటుకి ఇన్సూరెన్సు సాధారణంగా రాదు. కొందరు సర్జన్లు తమ ఫీజు వదులుకుంటారు, థియేటరు ఖర్చు, మందుల ఖర్చు మీదే అంటారు. కొందరు మొత్తం తీసుకుంటారు. ఏదైనా కాగితం మీద రాయించుకోండి. సర్జరీ వివరాలున్న కాగితాలు అడిగి తీసుకోండి. మీరు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమాల్లోనే ఉంది. వేరే సర్జన్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితం చూస్తేనే లోపల ఏ కుట్లు వేశారో, ఎంత కొవ్వు తీశారో తెలుస్తుంది. సమ్మతి పత్రం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉండి మీకు చదవడం రాకపోతే, తెలుగులో చదివి చెప్పాకే సంతకం పెట్టండి.

ఇంకా ఒక గంట సేపు పక్క గదిలో కూర్చుంటాను. ఒక్కొక్కరే రండి, తోడు కావాలంటే తోడుతో రండి. ఎవరూ చీర విప్పక్కర్లేదు. ఎక్కడ ఉంది, ఎప్పటి నుంచి ఉంది, పొద్దున ఎలా ఉంటుంది సాయంత్రం ఎలా ఉంటుంది, చేతికి మెత్తగా తగులుతుందా గట్టిగా తగులుతుందా, మీ మాటల్లో చెప్పండి. ఫోటోలుంటే చూపించండి. విశాఖ దాకా రావాల్సిందెవరో, ఇంకా ఆగొచ్చెవరో అక్కడే తారీకు వేసి రాసిస్తాను.